లంబసింగి చలి, గాజువాక బ్యాటరీ

గాజువాక ఆటోనగర్‌లో కార్డ్‌లెస్ డ్రిల్లు కొనుక్కున్నవాళ్ళకు చలి గురించి ఆలోచించే అవసరం సాధారణంగా రాదు. జనవరి తెల్లవారుజామున కూడా విశాఖ తీరంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం అరుదు. పక్కనే సముద్రం ఉంది, పగలు పట్టిన వేడిని అది రాత్రంతా గాలికి వదులుతూనే ఉంటుంది. ఇక్కడి పనివాళ్ళకు తెలిసిన శత్రువు ఎండే. మే నెలలో రేకుల షెడ్డు కింద గ్రైండరు నుంచి ఊడదీసిన బ్యాటరీ చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. ఛార్జరులో పెడితే దీపం మిణుకుమంటుందే తప్ప ఛార్జింగు మొదలు కాదు. దాన్ని కాసేపు ఫ్యాను కింద ఉంచి తర్వాత పెడతారు. "చల్లారనిచ్చి పెట్టరా" అన్నది మేస్త్రీ కొత్త హెల్పరుకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి. తీరంలో అది మంచి పాఠమే. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అనకాపల్లి, నర్సీపట్నం దాటి ఘాటు ఎక్కాక అదే పాఠం బ్యాటరీని పాడుచేస్తుంది.

చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. 2022 దాకా విశాఖ జిల్లాలో ఉండి, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజాము ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. మూడు నాలుగు డిగ్రీలకు దిగిన రోజులూ పత్రికల్లో చూస్తూనే ఉంటాం. పర్యాటకులు మంచు చూడటానికి పోటెత్తడంతో లంబసింగి, వంజంగి, అరకు దారుల్లో గుడారాలు, చెక్క గదులు, కాఫీ కొట్లు లేస్తున్నాయి. ఆ పనులకు అల్యూమినియం, ప్లైవుడ్, సోలారు పలకలతో పాటు డ్రిల్లులు, ఇంపాక్ట్ డ్రైవర్లు కూడా మైదానం నుంచే కొండెక్కుతాయి.

అంత చలి కేవలం ఎత్తు వల్ల వచ్చిందనుకుంటే లెక్క సరిపోదు. కిలోమీటరు ఎత్తుకు వెళితే గాలి సగటున ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. తీరంలో 18 ఉన్న రాత్రి లంబసింగిలో 11 లేదా 12 ఉండాలి. మిగతా పతనం ఆకాశం వల్ల. మబ్బులేని పొడి రాత్రి నేల తన వేడిని పరారుణ కిరణాలుగా పైకి పంపేస్తుంది, దాన్ని వెనక్కి తిప్పే మేఘం ఉండదు. నేలను తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలో పేరుకుంటుంది. ఆరుబయట నిలిపిన ట్రాలీ ఆటో పైకప్పు లాంటి లోహపు రేకు గాలి కంటే కూడా కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. గాలిలో పెట్టిన థర్మామీటరు 4 చూపుతున్నప్పుడే వాహనాల మీద, గడ్డి మీద తెల్లటి మంచుపొర కనిపించడానికి కారణం ఇదే. పనిముట్ల పెట్టెను రాత్రంతా ఆ ట్రాలీలోనే వదిలేస్తే, పొద్దున్న అందులోని బ్యాటరీ సున్నాకు చాలా దగ్గరలో ఉండొచ్చు.

ఇప్పుడొక జట్టును ఊహించుకుందాం. గాజువాక నుంచి వచ్చిన నలుగురు. సాయంత్రం పని ముగించి, అలవాటు ప్రకారం బ్యాటరీలను "చల్లారనిచ్చి" అన్నం తిని పడుకున్నారు. తెల్లవారి అయిదు గంటలకు లేచి ఛార్జింగు పెట్టారు. మంచి కంపెనీ ఛార్జరైతే దీపం మిణుకుమని ఆగిపోతుంది. ఛార్జరు పోయిందనుకుంటారు. అసలు పోలేదు, తన పని తాను చేస్తోంది.

బ్యాటరీ అనే ఆ ప్లాస్టిక్ డబ్బాలో ఏముందో చూస్తే సంగతి తెలుస్తుంది. 18 వోల్టుల ప్యాకులో అయిదు లిథియం అయాన్ సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టులు. పెద్ద ప్యాకుల్లో ఇలాంటి వరుసలు రెండు, అంటే పది సెల్స్. సెల్స్ నిండుగా ఛార్జయినప్పుడు ఒక్కోటి 4.2 వోల్టులకు చేరుతుంది కాబట్టి, అదే ప్యాకును కొన్ని కంపెనీలు 20 వోల్టులని అమ్ముతాయి. సెల్స్‌కు ఆనించి పెసరగింజంత థర్మిస్టరు ఒకటి ఉంటుంది. చల్లబడేకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు ఉండే రకం సున్నా దగ్గర దాదాపు మూడు రెట్లు చూపుతుంది. ఛార్జరు ముందుగా దీన్ని కొలుస్తుంది. మకీటా తన బ్యాటరీలను 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఛార్జి చేయమంటుంది. డివాల్ట్ 4.5 కంటే తక్కువలో, 40 కంటే ఎక్కువలో వద్దంటుంది. కంపెనీ కంపెనీకి అంకె కాస్త మారినా, మామూలు లిథియం అయాన్ సెల్స్‌కు సున్నా డిగ్రీలు కింది హద్దని అందరూ ఒప్పుకుంటారు.

అదే బ్యాటరీని సున్నా కింద కూడా వాడుకోవచ్చు. చాలా సెల్స్ మైనస్ 20 వరకు కరెంటు ఇస్తాయి. బయటికి ఇవ్వగలిగిన చోట లోపలికి ఎందుకు తీసుకోలేవు? దీనికి జవాబు కావాలంటే లిథియం బ్యాటరీ పుట్టుక దాకా వెళ్ళాలి.

1970లలో అమెరికాలోని ఎక్సాన్ పరిశోధనశాలలో స్టాన్లీ విటింగ్‌హామ్ తయారుచేసిన బ్యాటరీలో రుణధ్రువం లిథియం లోహం. లోహాలన్నిటిలో తేలికైనది, ఎలక్ట్రాన్‌ను వదిలేయడానికి అమిత తొందర ఉన్నది. శక్తి పరంగా దాన్ని మించిన ధ్రువం లేదు. కానీ ఛార్జి చేసినప్పుడల్లా లిథియం తిరిగి చదునుగా పరుచుకోదు. ముళ్ళలా, నాచులా లేస్తుంది. ఆ ముళ్ళు ఎదుటి ధ్రువాన్ని తాకితే సెల్ లోపలే షార్ట్ సర్క్యూట్ అయి, మండే స్వభావమున్న ద్రావణం అంటుకుంటుంది. కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ అమ్మిన లిథియం లోహపు బ్యాటరీలు జపాన్‌లో సెల్‌ఫోన్లలో మంటలు రేపడంతో 1989లో వాటిని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది.

జపాన్ రసాయనవేత్త అకిరా యోషినో 1985లోనే మరో దారి పట్టాడు. లిథియంను లోహంగా ఉంచడమే మానేశాడు. రుణధ్రువంగా పెట్రోలియం కోక్ అనే కార్బన్ పదార్థాన్ని పెట్టి, అయాన్లు దాని పొరల మధ్యలోకి దూరి కూర్చునేలా చేశాడు. ధనధ్రువానికి జాన్ గుడినఫ్ 1980లో కనిపెట్టిన కోబాల్ట్ ఆక్సైడును వాడాడు. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి అయాన్లు తిరుగుతుంటాయి, లిథియం లోహం ఎక్కడా ఉండదు. కోక్ గాజువాక చుట్టుపక్కల వాళ్ళకు పరాయి వస్తువు కాదు. అక్కడి ఉక్కు కర్మాగారం బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తన కోక్ తనే చేసుకుంటుంది. పెట్రోలియం కోక్‌ను అల్యూమినియం పరిశ్రమ కోసం కాల్చి శుద్ధిచేసే రెయిన్ సీఐఐ కార్బన్ కర్మాగారం విశాఖ రేవుకు దగ్గరలోనే ఉంది. అలాంటి నల్లపొడిలో లిథియంకు చోటు దొరకడం వల్లే 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని ధైర్యంగా బజారులో పెట్టగలిగింది. విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినో ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. నా దృష్టిలో యోషినో చేసిన పనుల్లో గొప్పది బ్యాటరీకి బలం పెంచడం కాదు, దాన్ని మనిషి చేతిలో పెట్టదగినంత నెమ్మదైనదిగా మార్చడం.

తర్వాత కోక్ స్థానంలోకి గ్రాఫైట్ వచ్చింది. ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం చొప్పున అది ఎక్కువ లిథియంను ఇముడ్చుకుంటుంది. కానీ చిక్కు ఇక్కడే ఉంది. నిండిన గ్రాఫైట్‌కూ, లిథియం లోహానికీ మధ్య విద్యుత్ పొటెన్షియల్ తేడా కేవలం 0.1 వోల్టు. ఛార్జింగులో మనం గ్రాఫైట్ పొటెన్షియల్‌ను కిందికి నెడుతున్నాం. ఆ కొద్ది తేడా కరిగిపోయిందంటే, అయాన్లకు గ్రాఫైట్‌లోకి దూరడం కంటే దాని ఉపరితలం మీదే లోహంగా మారిపోవడం తేలికవుతుంది.

వెచ్చగా ఉన్నప్పుడు ఆ తేడా సరిపోతుంది. చలిలో ఎందుకు సరిపోదంటే, అయాన్ ఒంటరిగా ప్రయాణించదు. ద్రావణంలోని అణువులు నాలుగైదు దాన్ని చుట్టుకుని ఉంటాయి. గ్రాఫైట్ గుమ్మం దగ్గర ఆ అణువులన్నిటినీ వదిలించుకుని, పైనున్న సన్నని రక్షణ పొరను దాటి లోపలికి వెళ్ళాలి. ఇందుకు శక్తి కావాలి, ఆ శక్తి వేడి నుంచే రావాలి. 25 డిగ్రీల నుంచి సున్నాకు దిగేసరికి ఈ అడుగు వేగం ఐదారు రెట్లకు పైగా పడిపోతుంది. ద్రావణం కూడా చిక్కబడుతుంది. అందులో ముఖ్య భాగమైన ఇథిలీన్ కార్బొనేట్ విడిగా ఉంటే 36 డిగ్రీల దగ్గర కరిగే ఘనపదార్థం. గాజువాకలో మే మధ్యాహ్నం అది తనంతట తానే కరుగుతుంది, లంబసింగి జనవరిలో కరగదు. పలుచని ఇతర కార్బొనేట్లు కలపబట్టే సెల్‌లో ద్రవంగా నిలుస్తోంది.

స్టీల్ ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు మారే వేళను తలుచుకోండి. బస్సులు దిగిన జనం ఒకేసారి వస్తారు. గేటు పాసులు చకచకా చూస్తే లోపలికి వెళ్ళిపోతారు. తనిఖీ నెమ్మదించి, బస్సులు మాత్రం అదే వేగంతో దింపుతూ ఉంటే, గేటు బయట గుంపు పేరుకుంటుంది. చలిలో గ్రాఫైట్ ముందు లిథియం పరిస్థితి అదే. బయట మిగిలినది లోహంగా గడ్డకడుతుంది. యోషినో ఇంట్లోంచి తరిమేసిన లోహం చలి సాయంతో మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

బ్యాటరీని వాడేటప్పుడు ఈ గొడవ లేదు. అప్పుడు లిథియం గ్రాఫైట్ నుంచి బయటికి వస్తుంది, దాని పొటెన్షియల్ లోహానికి దూరంగా పైకి జరుగుతుంది. చలిలో డ్రిల్లు బలం తగ్గొచ్చు, ప్యాకు మీది దీపాల్లో ఒకటి రెండు ముందే ఆరిపోవచ్చు. అదంతా తాత్కాలికం, వెచ్చబడితే తిరిగొస్తుంది. చలిలో నిల్వ ఉంచడమూ హాని కాదు. శాశ్వతమైన దెబ్బ తగిలేది చలిలో ఛార్జి చేస్తేనే.

ఆ దెబ్బ ఆ రోజున కనిపించకపోవడమే దీనిలో నన్ను ఎక్కువగా భయపెట్టే సంగతి. మిణుకుమనే దీపం లేని చౌక ఛార్జరుతో 2 డిగ్రీల దగ్గర ఛార్జి చేస్తే ప్యాకు నిండినట్టే ఉంటుంది, పని చేస్తుంది. పేరుకున్న లోహంలో కొంత తర్వాత వాడుకలో కరిగి తిరిగి పనిలోకి వస్తుంది. కొంత ఆధారం నుంచి విడిపోయి పనికిరాని లిథియంగా మిగిలిపోతుంది, ప్యాకు సామర్థ్యం ఆ మేరకు ఎప్పటికీ పోయినట్టే. ఇంకొంత ముళ్ళుగా పెరుగుతుంది. రెండు ధ్రువాలను వేరుచేసే ప్లాస్టిక్ పొర మందం 20 మైక్రాన్ల దరిదాపు మాత్రమే. అంతకు మించి ఇంకొకటుంది. లోహం పేరుకున్న సెల్, ఆరోగ్యంగా ఉన్న సెల్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే తనంతట తాను వేడెక్కడం మొదలుపెడుతుందని ప్రయోగాల్లో తేలింది. అంటే కొండమీది జనవరిలో తగిలిన దెబ్బ, కిందికి దిగాక ఏప్రిల్ ఎండలో రేకుల షెడ్డులో బయటపడొచ్చు. రెండు వాతావరణాల మధ్య తిరిగే బ్యాటరీకి ఉన్న ప్రత్యేకమైన ప్రమాదం ఇది.

చలి ఒక్కటే కాక వేగం కూడా లెక్కలోకి వస్తుంది. 2 ఆంపియర్-అవర్ల చిన్న ప్యాకును 6 ఆంపియర్ల ర్యాపిడ్ ఛార్జరులో పెడితే, ఒక్కో సెల్ మీద పడే ఒత్తిడి తన సామర్థ్యానికి మూడు రెట్లు. అదే 5 ఆంపియర్-అవర్ల ప్యాకును 2 ఆంపియర్ల మామూలు ఛార్జరులో పెడితే ఒత్తిడి అరవంతు కూడా ఉండదు. కొండ పనికి వెళ్ళేవాళ్ళు పెట్టెలో పెద్ద ప్యాకులు, నెమ్మదైన ఛార్జరు పెట్టుకోవడం తెలివైన పని. గ్రాఫైట్ నిండేకొద్దీ గేటు ఇరుకవుతుంది కాబట్టి, చల్లని గదిలో పూర్తిగా నింపాలన్న పట్టుదల కూడా వద్దు. నాలుగు దీపాల్లో మూడు వెలిగితే తీసేసినా నష్టం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు వేళలో ఉంది. ఛార్జింగుకు లెక్క గాలి ఉష్ణోగ్రత కాదు, సెల్ ఉష్ణోగ్రత. పని చేస్తున్న బ్యాటరీ తన లోపలి నిరోధం వల్ల తానే వేడెక్కుతుంది. లంబసింగిలో సాయంత్రం చివరి స్క్రూ బిగించి ఊడదీసిన ప్యాకు చేతికి గోరువెచ్చగా తగులుతుంది. ఛార్జి చేయడానికి రోజు మొత్తంలో అంతకంటే మంచి ఘడియ లేదు. వెంటనే, గది లోపల పెట్టాలి. "చల్లారనిచ్చి పెట్టు" అన్నది చేతికి కాలేంత వేడిగా ఉన్న ప్యాకుకే వర్తిస్తుంది. కొండమీద చల్లారనిస్తే అది చల్లారడం దగ్గర ఆగదు. మొదట ఊహించుకున్న జట్టు కథలో జరిగిన పొరపాటు ఇదొక్కటే.

సాయంత్రం వీలుపడక, బ్యాటరీ రాత్రంతా చలిలో ఉండిపోతే ఓపిక పట్టాలి. పది సెల్స్ ప్యాకు బరువు అరకిలో పైనే, చుట్టూ మందపాటి ప్లాస్టిక్. 5 డిగ్రీల నుంచి గది వేడికి దగ్గరగా రావడానికి గంట, గంటన్నర పడుతుంది. డబ్బా పైభాగం వెచ్చబడినా లోపలి సెల్స్ వెనకబడే ఉంటాయి. ఈలోపు ఒంటికి దగ్గరగా, జర్కిను లోపల పెట్టుకున్నా మంచిదే. నెగడు పక్కన, కుంపటి మీద, బండి సైలెన్సరు దగ్గర, వేడినీళ్ళలో మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. ఒకవైపు కాలి మరోవైపు చల్లగా ఉన్న ప్యాకులో ఏ సెల్ ఎంత ఛార్జి తీసుకుంటుందో చెప్పలేం. మంచులోంచి వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు టెర్మినళ్ళ మీద నీటి తడి పేరుకుంటుంది, పొడిబట్టతో తుడిచి పెట్టాలి. రాత్రిపూట ప్యాకులను థర్మోకోల్ పెట్టెలో సర్ది గదిలో ఉంచితే పగటి వెచ్చదనం చాలాసేపు నిలుస్తుంది. ఆ పెట్టె నిల్వకు మాత్రమే. ఛార్జింగు గాలి ఆడే చోట, చెక్క, పరుపు లాంటివి కింద లేకుండా జరగాలి.

సెల్స్ మార్చిన పాత ప్యాకులు, కంపెనీ బొమ్మతో వచ్చే నకిలీ ప్యాకుల విషయం వేరుగా చెప్పాలి. కొన్నిటిలో థర్మిస్టరు ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్‌ల మామూలు రెసిస్టరు అతికి ఉంటుంది. లోపల 2 డిగ్రీలున్నా, 60 ఉన్నా ఛార్జరుకు అది ఎప్పుడూ 25 అనే చెబుతుంది. గాజువాక ఎండలోనే అది ప్రమాదం, కొండచలిలో రెండింతలు. మిణుకుమంటోందని ఛార్జరును పక్కనపెట్టి అడాప్టరు తీగలతో నేరుగా కరెంటు ఇవ్వడం కూడా ఇదే కోవలోది. చేతిపని తెలిసిన రిపేరువాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. సెల్స్ మార్చినప్పుడు అసలు థర్మిస్టరును కొత్త సెల్స్‌కు ఆనించి తిరిగి అతకడం వాళ్ళకు పెద్ద కష్టం కాదు. అలా చేయించుకోండి, చేయలేమంటే ఆ ప్యాకును వదులుకోండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఈ బెడద లేదని కొందరంటారు. మంట విషయంలో అవి నయమే. రుణధ్రువం వాటిలోనూ గ్రాఫైటే కాబట్టి చలి హద్దు మారదు. గ్రాఫైట్‌కు బదులు లిథియం టైటనేట్ వాడే సెల్స్ మాత్రం నిజంగా తప్పించుకుంటాయి. ఆ ధ్రువం లిథియం లోహానికి 1.5 వోల్టుల పైనే ఎత్తున ఉంటుంది కనుక లోహం పేరుకునే అవకాశం దాదాపు లేదు. కానీ అదే కారణంగా సెల్ వోల్టేజీ తగ్గి, అదే పనికి బరువు పెరుగుతుంది. చేత్తో ఎత్తి పట్టుకునే డ్రిల్లుకు అది గిట్టుబాటు కాదు.

టొరంటోలోనో షికాగోలోనో స్థిరపడి, గరాజులో సొంతంగా వడ్రంగం నేర్చుకుంటున్న మన పిల్లలకు ఇదంతా మరింత అవసరం. అక్కడ జనవరిలో వేడి లేని గరాజు వారాల తరబడి సున్నా కిందే ఉంటుంది. పనిముట్టు గరాజులో ఉన్నా, బ్యాటరీ, ఛార్జరు మాత్రం ఇంట్లో ఉండాలి.

ఈ హద్దులన్నీ పెట్టెలో వచ్చే కాగితం మీద ఉన్నవే. చిన్న అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులో ఉండి, పెట్టెతో పాటే చెత్తలోకి పోతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని డ్రిల్లులు అమ్ముతున్న కంపెనీలు నాలుగు వాక్యాలు తెలుగులో అచ్చువేయలేవా? అందాకా ఆటోనగర్ దుకాణదారులకు ఒక విన్నపం. డ్రిల్లు అమ్మేటప్పుడు ఛార్జరు మీద మార్కరుతో "10 నుంచి 40 డిగ్రీలు" అని రాసివ్వండి. పాడేరు, చింతపల్లి, అరకు పనికి పోతున్నామని చెప్పినవాళ్ళకు ఇంకొక్క మాట కలపండి: సాయంత్రం పని అవగానే, గోరువెచ్చగా ఉన్నప్పుడే, గది లోపల ఛార్జింగు పెట్టమని.